రాయచూరు అంతర్వేదిలో ఆఫ్రికా పాఠము
హైస్కూలు విద్యార్థులకు వలసరాజ్యపు సరిహద్దుల బోధన

రాయచూరు జిల్లాలో జొన్నరొట్టె లేకుండ దినము గడచు ఇల్లు అరుదు. ఎనిమిదవ తరగతి పిల్లలకు ఆఫ్రికాఖండమును గూర్చి తొలి పాఠము చెప్పవలసివచ్చినపుడు నేను పటమును తెరువను. "ఉదయము ఏమి తింటిరి?" అని అడుగుదును. రొట్టె యనియో, సంగటి యనియో వారు చెప్పుదురు. ఆ జొన్న మొట్టమొదట మానవుని సేద్యమునకు లోబడినది నేటి సూడాను తూర్పు భాగములందు, సుమారు ఐదువేల యేండ్ల క్రిందట. అది సముద్రము దాటి మన దేశము చేరి నాలుగువేల యేండ్లు కావచ్చినది. సజ్జ పశ్చిమాఫ్రికానుండియు, రాగి తూర్పు ఆఫ్రికాలోని మెట్టభూములనుండియు వచ్చినవి. అలసందకు పుట్టినిల్లు ఆ ఖండమే. చింతచెట్టు జన్మభూమియు అదియే యని వృక్షశాస్త్రజ్ఞులు చెప్పుదురు. పులుసులో చింతపండు, పళ్లెములో జొన్నరొట్టె పెట్టుకొని భుజించువాడు ఆఫ్రికాను "చీకటి ఖండము" అని పిలుచుట యెంత విపరీతమో పిల్లలకు వేరుగ చెప్పనక్కరలేదు. వారే నవ్వుకొందురు.

ఈ నవ్వు అవసరము. ఆఫ్రికా యనగానే మన పిల్లల మనస్సున మెదలునవి అడవి, సింహము, కరువు, ఈ మూడే. అనేకులు దానిని ఒక దేశమని తలతురు. యేబదినాలుగు స్వతంత్ర దేశములు ఐక్యరాజ్యసమితిలో సభ్యత్వము గలిగి ఆ ఖండమునందున్నవని విని ఆశ్చర్యపడుదురు. రేపు వీరే బెంగుళూరు, హైదరాబాదు కళాశాలలకు పోయి ఆఫ్రికానుండి వచ్చిన విద్యార్థుల ప్రక్క బల్లపై కూర్చుండవలసినవారు. ఆ నగరములలో అట్టి విద్యార్థులకు అద్దెకు ఇల్లు దొరకుట యెంత కష్టమో, వీధులలో వారు ఎట్టి మాటలు పడవలసివచ్చుచున్నదో వార్తాపత్రికలు చదువువారికి తెలియును. ఆ మాటలకు బీజము ఎనిమిదవ తరగతిలోనే పడునని నా అనుభవము.

పటము సంగతి కొంత చెప్పవలెను. మన తరగతి గోడలపై వ్రేలాడు ప్రపంచపటములు పెక్కు మెర్కేటరు పద్ధతి ననుసరించినవి. అతడు 1569లో దానిని నావికుల కొరకు రచించెను. దిక్కు తప్పకుండుట దాని ప్రయోజనము, వైశాల్యమును చూపుట కాదు. భూమధ్యరేఖకు దూరమైన కొలది భూభాగములు అందు ఉబ్బిపోవును. అందుచే గ్రీన్లాండు ఆఫ్రికాతో సమానముగ కన్పట్టును. నిజమునకు గ్రీన్లాండు సుమారు 21.7 లక్షల చదరపు కిలోమీటర్లు. ఆఫ్రికా సుమారు 303 లక్షలు. అనగా పదునాలుగు రెట్లు. గోళము నొకదానిని సంపాదించి, దానిపై పలుచని కాగితము పరచి భారతదేశపు ఆకారమును కత్తిరింపజేసి, ఆ ముక్కను ఆఫ్రికాపై మరల మరల పెట్టి చూడుడని నేను చెప్పుదును. తొమ్మిది మార్లు పట్టును. ఈ పనికి ఒక పీరియడు చాలును. పది పీరియడుల ఉపన్యాసము దీనికి సాటిరాదు.

ఇక సరిహద్దులు. ఇచ్చటనే రాయచూరు ఉపాధ్యాయునకు ఇతర జిల్లాల వారికి లేని సదుపాయము కలదు. మనము సరిహద్దులోనే పుట్టితిమి. కృష్ణకు, తుంగభద్రకు నడుమనున్న ఈ అంతర్వేది ఆరువందల యేండ్లుగా ఒకరి చేతినుండి ఒకరి చేతికి మారుచున్న భూమి. బెర్లిను పేరు ఎత్తుటకు ముందు నేను రెండు దినములు ఈ కథనే చెప్పుదును.

రాయచూరు కోటగోడలో 1294 నాటి శాసనము గల మహాశిల నేటికిని చూడవచ్చును. అది కాకతీయుల కాలపుది. పిమ్మట బహమనీ సుల్తానులును, విజయనగర రాజులును ఈ దోఆబు కొరకు తరతరములు పోరాడిరి. 1520లో శ్రీకృష్ణదేవరాయలు ఇస్మాయిలు ఆదిల్‌షాను ఓడించి ఈ కోటను గైకొనెను. ఆ ముట్టడిలో క్రిస్తోవావు ద ఫిగైరెదో యను పోర్చుగీసు వానివెంట వచ్చిన కొందరు తుపాకివాండ్రు రాయల పక్షమున కోటగోడలపైనున్న వారిని కాల్చిరని నూనిజు వ్రాసియున్నాడు. ఇచ్చట నేను పిల్లలను ఆపి అడుగుదును: ఈ పోర్చుగీసువారు ఏ త్రోవను వచ్చిరి? ఆఫ్రికాను చుట్టి వచ్చిరి. వాస్కో ద గామా 1498లో మొజాంబిక్కు, మొంబాసా, మలింది రేవులను తాకిన పిమ్మటనే కళ్లికోట చేరెను. మొజాంబిక్కు తీరమును పోర్చుగీసువారు 1752 వరకు గోవానుండియే పాలించిరి. రాయచూరు ముట్టడికిని, మొజాంబిక్కు వలసరాజ్యమునకును గల బంధము ఇట్లు ఒక్క త్రాటిపై కానవచ్చును.

ఆ త్రాటిపై మరియొక పోగు కూడ కలదు. దక్కను సుల్తానుల కొలువులలో హబ్షీలు, అనగా అబిసీనియా మొదలగు తూర్పు ఆఫ్రికా ప్రాంతములనుండి వచ్చినవారు, సేనాపతులై, మంత్రులై వెలసిరి. ఇథియోపియాలో పుట్టి బానిసగ అమ్ముడుపోయి, అహమ్మదునగరు రాజ్యమునకు సర్వాధికారియై, 1626లో మరణించువరకు మొగలాయీల నెదిరించిన మలిక్ అంబరు వారిలో ప్రసిద్ధుడు. హైదరాబాదులోని హబ్షీగూడ, ఏ.సీ. గార్డ్సు పేటల పేర్లు చెప్పినచో మన పిల్లలకు ఈ సంగతి చటుక్కున పట్టుబడును. రెండవది నిజాము ఆఫ్రికను కావలి అశ్వదళము పేరే.

ఇంతవరకు యుద్ధములచే మారిన ఎల్లలు. ఇక కాగితముపై మారినవి చెప్పవలెను. వలసరాజ్యపు సరిహద్దు స్వభావము బోధపడునది ఇచ్చటనే. 1800లో నిజాము బళ్లారి, అనంతపురము, కడప ప్రాంతములను ఈస్టిండియా కంపెనీకి వ్రాసియిచ్చెను. అవియే దత్తమండలములు. 1853 మే నెలలో, హైదరాబాదు కంటింజెంటు సైన్యపు ఖర్చుల క్రింద బాకీ పేరుకొన్నదని చెప్పి, బీరారును, ధారాశివమును, ఈ రాయచూరు దోఆబును కంపెనీవారు తమ పాలనలోనికి తీసికొనిరి. 1857 తిరుగుబాటులో నిజాము తమ పక్షమున నిలిచినందులకు మెచ్చి 1860లో రాయచూరును, ధారాశివమును తిరిగి యిచ్చి, సురపురమును గూడ చేర్చి, బీరారును మాత్రము ఉంచుకొనిరి. ఏడేండ్లలో ఇచ్చటి రైతు ఇల్లు కదలకయే రెండు మారులు దొరను మార్చుకొనెను. అతనిని ఎవరును అడుగలేదు. అప్పుకు తాకట్టుపెట్టిన నగవలె జిల్లా పోయినది, నగవలెనే తిరిగివచ్చినది.

పిల్లలు ఈ మాట వినగానే తప్పక ఒకరు అడుగుదురు: "అప్పటి మనుష్యులు ఊరకుండిరా, సార్?" ఈ ప్రశ్న వచ్చినపుడు ఆఫ్రికా పాఠమునకు తలుపు తెరచుకొన్నదని నేను గ్రహింతును.

1884 నవంబరు 15 మొదలు 1885 ఫిబ్రవరి 26 వరకు బెర్లిను నగరమున బిస్మార్కు ఆహ్వానముపై పదునాలుగు రాజ్యముల ప్రతినిధులు సమావేశమైరి. అందు ఆఫ్రికా రాజులలో ఒక్కరికిని స్థానము లేదు. కాని ఆ సభలోనే ఖండమును కేకువలె కోసి పంచుకొనిరని పెక్కు పుస్తకములు వ్రాయుట సరికాదు. ఆ సభ కాంగో, నైజరు నదులపై నౌకాయానమును గూర్చియు, తీరప్రాంతములను క్రొత్తగ ఆక్రమించువారు ఇతర రాజ్యములకు తెలియజేసి, అచ్చట నిజముగ అధికారము నెలకొల్పవలెననియు నియమములు చేసెను. గీతలు చాలవరకు తరువాతి యిరువది యేండ్లలో ఇద్దరిద్దరు దొరలు వ్రాసికొన్న ఒడంబడికలలో పడినవి. ఉపాధ్యాయుడు ఈ భేదమును విడువరాదు. బెర్లిను సభయే అంతయు చేసెనని చెప్పినచో కథ సులభమగును గాని, పిల్లవాడు 1853 వంటి ఒడంబడికలను గుర్తింపజాలడు.

ఆ ఒడంబడికలలో రెండు మూడింటిని మాత్రము తీసికొని లోతుగ చెప్పుట మేలు. యేబది దేశముల పేర్లు, రాజధానులు వల్లెవేయించుటవలన ప్రయోజనము స్వల్పము. నేను మొదట గాంబియాను చూపుదును. అది సుమారు 11,000 చదరపు కిలోమీటర్లు, మన రాయచూరు జిల్లాకంటె కొంచెము పెద్దది. నదికి ఇరుప్రక్కల బద్దవలె సాగి, సముద్రమువైపు తప్ప మూడు దిక్కుల సెనెగలుచే చుట్టబడియున్నది. 1889లో ఇంగ్లీషువారును, ఫ్రెంచివారును నదికి ఇటు పది, అటు పది కిలోమీటర్లు కొలత పెట్టుకొని ఒప్పుకొనిరి. ఇంగ్లీషు ఓడ ఫిరంగిగుండు పడినంత మేర అని యొక కట్టుకథ గలదు; పిల్లలకు అది మిక్కిలి నచ్చును గనుక, కట్టుకథ యని చెప్పుట మరువరాదు. కిలిమంజారో పర్వతమును విక్టోరియా రాణి తన మనుమడైన కైజరుకు పుట్టినరోజు కానుకగ నిచ్చెననునదియు అట్టిదే.

రెండవది కాప్రివి బద్ద. నేటి నమీబియా పటమున ఈశాన్యమూలనుండి వ్రేలువలె తూర్పునకు చాచుకొని సుమారు 450 కిలోమీటర్లు సాగు ఈ బద్దను 1890లో ఇంగ్లీషువారు జర్మనులకు విడిచిరి. జాంబెజీ నదిపై పడవలో హిందూ మహాసముద్రము చేరవచ్చునని జర్మనుల ఆశ. ఆ నదిపై కొంత దిగువను విక్టోరియా జలపాతమున్నది! పటము చూచుచున్న పిల్లలు ఈ సంగతిని తామే కనిపెట్టునట్లు చేయవలెను. చెప్పివేసినచో రుచి పోవును. ఆ యేడాదియే బ్రిటిషు ప్రధాని సాల్స్‌బరీ ప్రభువు, పర్వతములును నదులును సరస్సులును ఎచ్చట నున్నవో సరిగ తెలియకయే తాము వానిని పరస్పరము ఇచ్చిపుచ్చుకొనుచున్నామని బహిరంగముగనే హాస్యమాడెను.

మూడవది ఎవే జాతివారి కథ. రాయచూరు తెలుగువారికి ఇది అన్నిటికంటె దగ్గరది. 1884లో టోగోలాండు జర్మనుల పాలయినది. మొదటి ప్రపంచయుద్ధమున ఇంగ్లీషువారును ఫ్రెంచివారును దానిని పట్టుకొని, నిలువుగ చీల్చి పంచుకొనిరి. ఎవే భాష మాట్లాడువారు కొందరు గోల్డుకోస్టులోను, కొందరు బ్రిటిషు టోగోలాండులోను, కొందరు ఫ్రెంచి టోగోలాండులోను ఉండిపోయిరి. తమ్ము నొక్కటి చేయవలసినదని వారు 1947లో ఐక్యరాజ్యసమితివరకు పోయి అర్జీలు పెట్టుకొనిరి. తుదకు 1956 మే నెలలో బ్రిటిషు టోగోలాండున ప్రజాభిప్రాయసేకరణ జరిగినది. మొత్తముమీద ఎక్కువమంది గోల్డుకోస్టుతో కలియుటకు ఓటు వేసిరి. దక్షిణమున ఎవే ప్రాంతములలో ఎక్కువమంది వలదనిరి. మొత్తము లెక్కయే చెల్లినది. 1957 మార్చి 6న ఘనా స్వతంత్రమైనపుడు ఆ భాగము అందులో చేరిపోయినది.

అదే 1956లో ఇచ్చట జరిగినదేమి? నవంబరు 1వ తేదీన హైదరాబాదు రాష్ట్రము మూడు ముక్కలై ఆంధ్రప్రదేశము, మైసూరు, బొంబాయి రాష్ట్రములలో కలిసిపోయినది. రాయచూరు జిల్లాలో అలంపురము, గద్వాల తాలూకాలు మహబూబునగరునకు చేరినవి. మిగిలినది మైసూరు రాష్ట్రమునకు పోయినది. 1973లో మైసూరు కర్ణాటకమైనది. 2014లో తెలంగాణము వేరుపడినది. ఒకనాడు ఒకే జిల్లాగ నున్న గద్వాల, రాయచూరుల నడుమ నేడు రెండు రాష్ట్రముల ఎల్ల నిలిచినది. ఈ పంపకము జిల్లా జిల్లాగ కాక తాలూకాల లెక్కన జరిగినది, భాషను ప్రధానముగ చూచి జరిగినది, నివేదికలు ప్రకటించి, వాదప్రతివాదములు విని జరిగినది. బెర్లిను కాలపు గీతలకును దీనికిని గల భేదము గొప్పది. అయినను తెలుగువారు కొందరు ఈవల మిగిలిరి, కన్నడిగులు కొందరు ఆవల మిగిలిరి. ఎంత జాగ్రత్తతో గీచిన గీతకైనను ఇరుప్రక్కల మిగిలినవారుందురు.

మన సంఘపు సభలలో ఈ విషయము వచ్చినపుడల్ల మనకు అన్యాయము జరిగినదను ధోరణి కొందరిలో కాననగును. పెద్దల మనస్సులోని నొప్పిని నేను కాదనను. కాని దానిని పిల్లల పాఠములోనికి తేరాదని నా అభిప్రాయము. ఎవే కుటుంబమునకు అడ్డుపడినది దేశపు ఎల్ల. ఆవలనున్న అక్కను చూచుటకు సుంకపు ఠాణా, వేరు నాణెము, వేరు రాజభాష దాటవలెను. మనకు గద్వాల పోవుటకు బస్సు టిక్కెట్టు చాలును. ఈ భేదమును కప్పిపుచ్చి "మనమును వారివంటివారమే" యనుట వారి కష్టమును తేలిక చేయుటయే.

సింధనూరు ప్రాంతపు బడులలో ఈ పాఠము మరింత సూక్ష్మముగ చెప్పవలసియుండును. తుంగభద్ర ఎడమ కాలువ క్రింద వరిసాగునకు కోస్తా జిల్లాలనుండి వచ్చి క్యాంపులు కట్టుకొన్న రైతుల మనుమలు అచ్చట చదువుచున్నారు. తూర్పు బెంగాలునుండి శరణార్థులై వచ్చినవారి క్యాంపులును ఆ ప్రాంతముననే యున్నవి. ఒక బల్లపై కూర్చున్న ఇద్దరిలో ఒకని తాత పొలము వెదకికొనుచు వచ్చినవాడు. రెండవవాని తాత ఇల్లు పోగొట్టుకొని వచ్చినవాడు. 1947లో రాడ్‌క్లిఫ్ అను న్యాయవాది, అంతకుముందు ఈ దేశమును చూడనివాడు, అయిదు వారములలో పంజాబును, బెంగాలును చీల్చు గీత గీచెనని చెప్పినపుడు ఆ రెండవ పిల్లవానివైపు చూడకుండ చెప్పవలెను. అతడు తానై మాటాడదలచినచో మాటాడనిండు.

తరగతిలో చేయదగిన పని యొకటి చెప్పెదను. పిల్లలచే తమ ఊరి పటమును గీయింపవలెను: చెరువు, మంచినీటి బావి, గుడి, దర్గా, సంతబయలు, పశువుల మేతబీడు, బంధువుల ఇండ్లు. పిమ్మట ఆ పటములను త్రిప్పి, వేరొక ఊరి పిల్లవాని చేతికిచ్చి, స్కేలుతో అడ్డముగ నొక గీత గీయుమనవలెను. తిరిగి చేతికి వచ్చిన పటమును చూచి, గీతకు ఆవల ఏమేమి పోయినవో ఎవరికి వారు వ్రాయవలెను. ఒకమారు ఒక బాలిక, "మా బావి ఇటు, మా చెరువు అటు పోయినవి, మా అమ్మమ్మ ఇల్లు సరిగా గీతమీదనే యున్నది" అని వ్రాసినది. ఒక బాలుడు బావిని చుట్టి గీతను కొంచెము వంచవచ్చునా యని అడిగెను. వంచవచ్చునంటిని. లండనులోను, పారిసులోను గీచిన గీతలను పిమ్మట నేలపై రాళ్లు పాతుటకు వచ్చిన సరిహద్దు సంఘములవారు అచ్చటచ్చట ఇట్లే వంచిరి. ఇటీవలి పరిశోధకులు, ఆఫ్రికా ఎల్లలన్నియు గుడ్డిగ గీచినవి కావనియు, నదులను, సరస్సులను, పూర్వరాజ్యముల హద్దులను అనుసరించినవి చాల గలవనియు చూపుచున్నారు. రువాండా, బురుండి, లెసోతో వంటివి పూర్వపు రాజ్యముల నుండియే వచ్చిన దేశములు.

భాషను గూర్చి చెప్పునపుడు మన పిల్లల అనుభవమే పుస్తకము. ఇంట తెలుగు, బడిలో కన్నడము, బజారులో దక్కనీ ఉర్దూ, పై చదువులకు ఇంగ్లీషు. ఇది వారికి నిత్యకృత్యము. హౌసా భాష మాట్లాడు పిల్లవాడు నైజీరియాలోని కానో నగరమున పుట్టినచో బడిలో ఇంగ్లీషు నేర్చును; ఉత్తరమున నైజరు దేశపు జిండరులో పుట్టినచో ఫ్రెంచి నేర్చును. ఇంట ఇద్దరును తల్లితో మాటాడునది ఒకే భాష. ఆ నడిమి ఎల్లకు మూలము 1890లో ఇంగ్లీషువారును ఫ్రెంచివారును సే అను ఊరినుండి చాదు సరస్సు ఒడ్డునున్న బర్రువావరకు పటముపై గీచిన గీత. ఈ పోలిక చెప్పినపుడు ఆఫ్రికా పిల్లవాడు మన పిల్లలకు మొదటిసారి తోటి విద్యార్థిగ కన్పడును.

తెలుగువారు ఆ ఖండమున స్వయముగ నున్నారని గూడ చెప్పవలెను. 1860లో మద్రాసునుండి బయలుదేరిన ట్రూరో అను ఓడ నవంబరు 16న దర్బను రేవు చేరినది. నేటాలు చెరకుతోటలకు కూలీలను కొనిపోయిన మొదటి ఓడ అదియే. పిమ్మట వచ్చిన ఓడలలో తెలుగు కుటుంబములు వేలకొలది పోయినవి. అచ్చటివారు 1931లో ఆంధ్రమహాసభను స్థాపించుకొనిరి. మారిషసు ద్వీపమున తెలుగువారి సంతతి నేటికిని ఉగాది జరుపుకొనును. ఆ ద్వీపము ఆఫ్రికా యూనియనులో సభ్యదేశము.

ఇక నొక జాగ్రత్త. పాఠము ముగియు వేళకు పిల్లలు సాధారణముగ ఒక నిర్ణయమునకు వత్తురు: ఆఫ్రికాలోని కలతలన్నిటికిని తెల్లవారు గీచిన గీతలే కారణము, భాషలనుబట్టి మరల గీచినచో అన్నియు తీరును. దీనిని అట్లే విడువరాదు. సోమాలియాలో దాదాపు అందరిది ఒకే భాష, ఒకే మతము. అయినను 1991లో అచ్చటి ప్రభుత్వము కూలి దేశము ఛిన్నాభిన్నమైనది. టాంజానియాలో నూరుకు పైగా భాషలున్నవి. స్వాహిలి నీడను ఆ దేశము నిలిచియున్నది. స్వతంత్రులైన పిమ్మట ఆఫ్రికా నాయకులే 1964 జూలైలో కైరో నగరమున కూడి, స్వాతంత్ర్యమునాటి ఎల్లలనే గౌరవింతుమని తీర్మానించిరి. సోమాలియా, మొరాకో సమ్మతింపలేదు. ఆ గీతలు మంచివని వారు తలచుటచేత కాదు. ఒక్కటి కదల్చినచో అన్నియు కదలునని భయపడుటచేత. 1993లో ఎరిత్రియా, 2011లో దక్షిణ సూడాను మాత్రము వేరుపడి ప్రపంచపటమున చోటు సంపాదించినవి. దక్షిణ సూడానులో క్రొత్త ఎల్ల ఏర్పడిన రెండేండ్లకే అంతర్యుద్ధము చెలరేగినది. ఈ సంగతులన్నియు పిల్లల ముందుంచి, కారణములను వారినే తర్కించుకొననిండు. తొమ్మిదవ తరగతివారు ఈ వాదము చేయలేరని తలచువారు ఒక్కసారి చేయించి చూడవలెను.

నదుల విషయము సంగ్రహముగ: కాంగో నదికి ఇరుగట్ల ఎదురెదురుగ కిన్షాసా, బ్రాజవిల్లు అను రెండు దేశముల రాజధానులున్నవి, నడుమ వంతెన లేదు. తుంగభద్ర ఒడ్డున నిలిచి ఆవలి మంత్రాలయమును చూచిన పిల్లలకు ఇంతకంటె వివరణ అక్కరలేదు.

తుదకు పరికరములు. గోళమొకటి, దారపుండ, కత్తెర, 2011 తరువాత అచ్చైన ఆఫ్రికా రాజకీయపటము, ఇవి చాలును. నేను పనిచేసిన ఒక బడిలోని గోడపటమున సూడాను ఇంకను ఒక్కటిగనే యుండెను. క్రొత్తది వచ్చువరకు ఆగక పిల్లలు పలుచని రంగు కాగితమును దక్షిణ సూడాను ఆకారమున కత్తిరించి దానిపై అంటించిరి. జూబా పేరు వ్రాసి చుక్క పెట్టిరి. తూర్పున వారు వేసిన ఎల్ల ఇథియోపియా లోనికి వ్రేలెడు చొచ్చుకొనిపోయినది. మరునాడు తరగతిలో దానిని గూర్చి పెద్ద తగవు జరిగినది. కత్తిరించిన బాలుడు తప్పొప్పుకొనక, కాగితము తన దగ్గర అంతే యున్నదనెను.